జపాన్ కాదు, కాకినాడ వినపడాలి: కొబ్బరితోటలో 80 మీటర్ల బ్యాండు వైరు కథ

ఒక హామ్ రేడియో స్టేషనుకి (లైసెన్సు తీసుకుని సరదాగా సొంతంగా నడిపే రేడియో) యాంటెనా కట్టిన ఈ కేసులో నేను రెండు తప్పు వైర్లు కట్టాక గానీ మూడోది కుదరలేదు. తమాషా ఏమిటంటే మూడింటికీ ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన సిగ్నలు యాంటెనా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిదంటారు) 1.6 లోపే వచ్చింది. మీటరు ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే మొదటిరోజు సాయంత్రమే "భేష్" అనుకుని హైదరాబాద్ బస్సెక్కేవాణ్ణి. కొత్తగా హామ్ లైసెన్సు తెచ్చుకుని 40, 80 మీటర్ల బ్యాండ్లకు (తరంగం పొడవుని బట్టి ఆ పేర్లు; సుమారు 7, 3.6 మెగాహెర్ట్జ్) ఏ వైరు కట్టాలా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని నా తప్పులతో సహా మొత్తం రాస్తున్నాను.

స్టేషన్ ఒక మేస్టారిది. అమలాపురానికి కొంచెం అవతల, కాలువ గట్టు పక్క ఊళ్ళో, ఎకరానికి తక్కువ కొబ్బరితోట, మధ్యలో పెంకుటిల్లు. ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. అరవై దాటాక పరీక్ష రాసి జనరల్ గ్రేడ్ లైసెన్సు తెచ్చుకున్నారు. 100 వాట్ల సెకండ్ హ్యాండ్ రేడియో, దానికి ఒక పెద్ద 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని ఛార్జి చేయడానికి ఒక సోలార్ పలక. ఇంతవరకూ ఆయనే చూసుకున్నారు. యాంటెనా దగ్గర మాత్రం నన్ను పిలిచారు.

మొదటిరోజు భోజనాల దగ్గర అడిగాను, ఎవరితో మాట్లాడాలని మీ ఆలోచన అని. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. 1996 నవంబరు 6 తుఫాను గురించి చెప్పారు. తెల్లారి లేచి చూస్తే తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చట. టెలిఫోన్ స్తంభాలు పడిపోయి, కాకినాడలో ఉన్న అక్కగారి కబురు తెలియడానికి రోజులు పట్టిందట. "సెల్ టవర్లున్నాయి కదా ఇప్పుడు అంటారు. టవరుకి కరెంటు ఎక్కణ్ణించి వస్తుందండీ?" అన్నారు. తర్వాత ఒక కాగితం తీసి నాలుగు ఊళ్ళు రాశారు: కాకినాడ, విజయవాడ, విశాఖ, హైదరాబాద్. గీత గీసినట్టు తిన్నగా కొలిస్తే వరసగా సుమారు 50, 145, 180, 380 కిలోమీటర్లు.

ఆ కాగితంలోనే జవాబు ఉంది. నేను మాత్రం దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వచ్చేటప్పుడు బస్సులో అనుకున్న యాంటెనానే కట్టాను.

వైరు కంటే ముందు గోల

ఒక పని మాత్రం సరిగానే చేశాను. యాంటెనా ఏదైనా సరే, కట్టే ముందు ఆ చోట రేడియో గోల ఎంత ఉందో వినాలి. పది మీటర్ల వైరు ఒకటి మామిడిచెట్టు మీదికి విసిరి, రేడియోను బ్యాటరీ మీద పెట్టి, 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ చోట నిలిపాం. రేడియో మీద సిగ్నలు బలం చూపే ఎస్-మీటరు ఎస్7 చూపిస్తోంది (అంకె పెరిగితే బలం పెరిగినట్టు). ఇంట్లో మెయిన్ ఆపమన్నాను. సూది ఎస్4కి పడింది. అంటే ఆ గోలలో పెద్ద భాగం మనింట్లోదే. తర్వాత ఒక్కొక్క స్విచ్చు వేసుకుంటూ వచ్చాం. దొరికిన దొంగలు ఇద్దరే. ఒకటి టీవీ సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, రెండోది వరండాలోని ఎల్‌ఈడీ బల్బు. బల్బు మార్చాం, అడాప్టరు వైరుకి గోలను అడ్డుకునే ఫెర్రైట్ (ఒక రకం అయస్కాంత పదార్థం) రింగు చుట్టాం. మిగిలిన గరగర అవతలి రొయ్యల చెరువుల మోటార్ల వైపు నుంచి వచ్చేది. రాత్రి పది దాటి ఏరేటర్లన్నీ తిరగడం మొదలైతే కొంచెం పెరిగేది. దానికి మనం చేయగలిగింది లేదు.

హైదరాబాద్‌లో మా డాబా మీద 80 మీటర్లలో ఎస్9 గోల మామూలే. చుట్టూ అపార్ట్‌మెంట్లు, లిఫ్టులు, ఇన్వర్టర్లు. అందుకే ఈ ఎస్4 చూసి నాకు ఈర్ష్య కలిగింది. ఇలాంటి చోట యాంటెనా ఎంపికలో సగం పని అయిపోయినట్టే. ఆ సగాన్ని నా మొదటి వైరే పాడుచేసింది.

మొదటి వైరు

సగం తరంగం పొడవు వైరును ఒక కొస నుంచి ఫీడ్ చేసే (సిగ్నలు అందించే) పద్ధతి ఈ మధ్య అందరి నోటా ఉంది. నడిమి నుంచి కేబుల్ వేలాడదు. వరండా చూరు దగ్గర ఒక డబ్బా, అక్కణ్ణించి 40 మీటర్ల వైరు, అవతలి కొస ఒక చెట్టుకి. 80, 40, 20 అన్నీ పలుకుతాయి. డబ్బాలో వైరుని కేబుల్‌కి కుదిర్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్, ఎఫ్‌టీ240-43 అనే ఫెర్రైట్ రింగు మీద ఒకవైపు 2, ఇంకోవైపు 14 చుట్లు. నేను ఇంట్లోనే చుట్టి పట్టుకెళ్ళాను. గంటన్నరలో పని అయిపోయింది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4.

రాత్రి రేడియో పెడితే గోల మళ్ళీ ఎస్7. మేస్టారు మైకు నొక్కి మాట్లాడుతుంటే ఆపేసి ఉన్న వరండా బల్బు మాటకు తగ్గట్టు మినుకుమినుకుమంటోంది. కంప్యూటర్ మౌసు బిగుసుకుపోయింది. ఆయన మైకు పెదవికి తగిలించుకుని "చిమచిమలాడుతోందండీ" అన్నారు.

ఇది తెలిసిన జబ్బే. కొస నుంచి ఫీడ్ చేసినా కరెంటుకి తిరుగుదారి కావాలి. మనం ఇవ్వకపోతే అది కోయాక్స్ (టీవీ కేబుల్ లాంటి, లోహపు తొడుగున్న కేబుల్) పై తొడుగునే దారి చేసుకుంటుంది. అంటే కేబుల్, రేడియో, ఇంటి వైరింగు అన్నీ యాంటెనాలో భాగమే. పంపేటప్పుడు ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) ఇంట్లోకి వస్తుంది, వినేటప్పుడు ఇంటి గోల యాంటెనాలోకి పోతుంది. ఆ తిరుగుదారి కోసం నాలుగు మీటర్ల కౌంటర్‌పాయిజ్ వైరు కలిపి, రేడియో దగ్గర కోయాక్స్‌ను ఫెర్రైట్ రింగు మీద 12 చుట్లు చుట్టి, తొడుగు మీది కరెంటుని ఆపే చోక్ పెట్టాను. గోల ఎస్5కి దిగింది, బల్బు మానేసింది. అయినా నాకు మనసొప్పలేదు. వరండాలో మనవలు ఆడుకుంటారు. ఆ డబ్బా దగ్గర ఇంపిడెన్సు (కరెంటుకి అడ్డు) రెండువేల ఓమ్‌ల పైమాటే, 100 వాట్లకు దాదాపు 500 వోల్టులు ఉంటాయి. చూరు ఎత్తు నాలుగు మీటర్లు కూడా లేదు. పిల్లాడు కర్రతో పొడిచినా అందుతుంది.

ఈ రకం యాంటెనా చెడ్డదని నేననను. డాబా చివర గోడకి కట్టి, చోక్ సరిగా పెట్టి, దాంతో బ్రహ్మాండంగా మాట్లాడే మిత్రులున్నారు. ఇల్లు, యాంటెనా అంత దగ్గరగా ఉండాల్సిన అవసరం లేని ఈ తోటలో దాన్ని కట్టడం నా సోమరితనం, అంతే.

రెండో వైరు, నా గొప్పతెలివి

ఇక్కడ నా తర్కం వినండి, వినడానికి బాగుంటుంది. హైదరాబాద్ అంతా రాయి. నిలువు యాంటెనాకి కింద నేల రెండో సగం లాంటిది. రాతినేల కరెంటుని మింగేస్తుంది. అందుకే అక్కడ నిలువు వైర్లతో నేనెప్పుడూ సుఖపడలేదు. కోనసీమ నేల అలా కాదు. రెండు గడ్డపార పోట్లు వేస్తే తడి తగులుతుంది. డెల్టా ఒండ్రుమట్టి, పైగా సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు. ఇంతకంటే మంచి నేల ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఇన్వర్టెడ్-ఎల్, అంటే తలకిందులైన ఎల్ అక్షరం ఆకారంలో వైరు. పావు తరంగం అంటే 80 మీటర్ల బ్యాండుకి ఇంచుమించు 20 మీటర్ల వైరు. 12 మీటర్లు నిలువుగా, కొబ్బరిమానుకి మీటరు ఎడంగా. మిగిలిన 8 మీటర్లు అడ్డంగా. కింద 10 మీటర్ల రేడియల్స్ (నేల వైపు సగంగా పనిచేసే తీగలు) పన్నెండు, నక్షత్రంలా నేల మీద పరిచి మేకులు కొట్టాం. ఇంటి వైరింగుకి వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగివైరు, 90 మీటర్ల కాయిళ్ళు రెండు తెప్పించాం.

చెట్టెక్కడానికి దింపులు తీసే కుర్రాడు వచ్చాడు. కాళ్ళకి తాడు బంధం, నడుముకి కత్తి. నేను కప్పీ ఎలా కట్టాలో కింద నిలబడి ఉపన్యాసం ఇస్తుంటే అతను రెండు నిమిషాల్లో పైకి పోయి, "ఇక్కడ కడితే మట్ట పడ్డప్పుడు తెగుద్దండీ, గెలలకి రెండు బారలు కిందకి కడతా" అన్నాడు. అతని మాటే నిజమని తర్వాత తేలింది.

ఆ రాత్రి ఎఫ్‌టీ8లో (కంప్యూటర్ సాయంతో బలహీన సిగ్నళ్ళని పట్టే డిజిటల్ పద్ధతి) జపాన్ స్టేషన్లు వరసకట్టాయి. తెల్లవారుజామున తూర్పు యూరప్ కూడా పడింది. 80 మీటర్లలో, 100 వాట్లతో, మొదటి రాత్రే! నాకు గాల్లో తేలినట్టుంది. మేస్టారు ఓపిగ్గా చూసి, మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకి కాకినాడ హామ్‌ని పిలిచారు. అవతలివైపు గొంతు గోలలో మునిగి తేలుతోంది. విజయవాడ సగం సగం. ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"జపాన్ బాగా వినపడుతోందండీ. కాకినాడే వినపట్టంలేదు. రేపు తుఫానొస్తే జపాన్ వాళ్ళొచ్చి బియ్యం పోస్తారంటారా?"

జేబులో మడిచిన కాగితం అప్పుడు గుర్తొచ్చింది.

ఎందుకలా జరిగింది

నిలువు వైరు తన బలాన్ని దిక్చక్రం వైపు, పల్చగా పంపుతుంది. అది అయనావరణాన్ని (రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే పైవాతావరణపు పొరలు) చాలా దూరాన తాకి, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. నెత్తిమీదికి పోయేది తక్కువ. ఇన్వర్టెడ్-ఎల్‌లో అడ్డంగా ఉన్న ముక్క కొంత పైకి పంపుతుంది, కానీ చాలదు. 50 నుంచి 400 కిలోమీటర్ల లోపు స్టేషన్లకి కావలసింది నెత్తిమీదికి పోయి, అక్కడ తగిలి, చుట్టూ దిగే సిగ్నలు. నీళ్ళ గొట్టాన్ని తిన్నగా ఆకాశంలోకి పట్టుకుంటే చుట్టూరా గొడుగులా పడుతుందే, అలాగ. రేడియోవాళ్ళు దీన్ని ఎన్‌వీఐఎస్ అంటారు. దీనికి నేలకి దగ్గరగా, అడ్డంగా పరిచిన డైపోల్ (నడిమి నుంచి ఫీడ్ చేసే, రెండు చేతుల వైరు) కావాలి. తరంగంలో ఏడో వంతు నుంచి అయిదో వంతు ఎత్తు బాగుంటుంది. 80 మీటర్లకి అది 12 నుంచి 16 మీటర్లు. పది మీటర్లున్నా పని జరుగుతుంది. డీఎక్స్ (దూరదేశాలతో మాట్లాడే) పుస్తకాలు "ఎత్తు చాలదు" అని తీసిపారేసే యాంటెనాయే ఇది.

కాకినాడ విషయంలో నేను ఇంకో ఆశ కూడా పెట్టుకున్నాను. 50 కిలోమీటర్లే కదా, తడినేల మీద గ్రౌండ్ వేవ్ పాక్కుంటూ పోతుందని. పోతుంది కూడా. కానీ అవతలి హామ్ వైరు డాబా మీద అడ్డంగా ఉంది, చుట్టూ ఊరి గోల. నా నిలువు సిగ్నలు ఆయన అడ్డం వైరుకి సగమే అంటింది. యాంటెనా ఎంపికలో అవతలివాడి యాంటెనా కూడా ఉంటుందని పాతికేళ్ళ తర్వాత మళ్ళీ నేర్చుకున్నాను.

ఇక 40 కావాలా, 80 కావాలా? రెండూ కావాలి, కారణం గడియారంలో ఉంది. పగలు అయనావరణంలో కిందుండే డి-పొర 80 మీటర్ల సిగ్నల్ని మింగేస్తుంది. పగటిపూట పని 40 మీటర్లది. మన అక్షాంశాల్లో పగలు పైనుండే ఎఫ్-పొర బలంగా ఉంటుంది కాబట్టి 7 మెగాహెర్ట్జ్ నెత్తిమీద నుంచి తిరిగి దిగుతుంది. రాత్రి ముదిరేకొద్దీ పొర పల్చబడి, ఒక ఘడియలో 7 మెగాహెర్ట్జ్ పొరను చీల్చుకుని పైకి పోవడం మొదలెడుతుంది. అప్పుడు విజయవాడ మాయమై ఎక్కడో ఢిల్లీ, ఇంకా అవతల దేశాలు వినిపిస్తాయి. ఆ ఘడియ నుంచి పని 80ది. సౌరచక్రం (సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే చక్రం) 2024 ప్రాంతంలో గరిష్ఠంలో ఉంది కాబట్టి ఆ ఏళ్ళలో 40 చాలా పొద్దుపోయేదాకా దగ్గర ఊళ్ళకి పనిచేసింది. అది చూసి "80 ఎందుకండీ, అంత వైరు" అనేవాళ్ళు పెరిగారు. చక్రం కిందికి దిగాక మాట్లాడదాం.

మన దేశంలో 80 బ్యాండు ముఖ్యంగా 3.5 నుంచి 3.7 మెగాహెర్ట్జ్ వరకు, 40 అయితే 7.0 నుంచి 7.2 వరకు. ఇవి రెండూ ఒకే కేబుల్ మీద పలకాలి. మేస్టారికి ట్యూనర్ (యాంటెనాని రేడియోకి కుదిర్చే పెట్టె) తిప్పే పని పెట్టకూడదు. తుఫాను రాత్రి టార్చిలైటు వెలుగులో గుండీలు వెతుక్కునే యాంటెనా వద్దు. అలా చూస్తే ట్యూనర్ కావలసిన జీ5ఆర్‌వీ రకం డైపోల్ పక్కకి పోయింది. తోట చుట్టూ 85 మీటర్ల లూపు వేస్తే బ్రహ్మాండంగా ఉండేది, నాక్కూడా నోరూరింది. నాలుగు చెట్లు నాలుగు దిక్కులకు ఊగుతాయి, ఏ మట్ట ఎక్కడ పడ్డా లూపంతా కిందికొస్తుంది. అందుకని అదీ వద్దనుకున్నాం. మిగిలింది ఫ్యాన్ డైపోల్. ఒకే నడిమి బిందువు నుంచి 80కి రెండు చేతులు, 40కి రెండు చేతులు.

మూడో వైరు

కొబ్బరిచెట్ల మధ్య దూరం ఎనిమిది మీటర్లు. డైపోల్‌ని ఒక వరస వెంట లాగితే మధ్యలో వచ్చే ప్రతి మానుకీ రాసుకుంటుంది. మేస్టారే దారి చూపించారు: రెండు వరసల మధ్య బాటలో లాగండి అని. ఎదురెదురు చెట్లకి అడ్డంగా ఒక తాడు కట్టి, దాని నడుమ నుంచి బాలన్ (కేబుల్, వైరు కలిసేచోట పెట్టే చోక్) డబ్బా వేలాడదీశాం. ఎటు చూసినా మాను నాలుగు మీటర్ల అవతల. కొసలకి కూడా అదే పద్ధతి. నడిమి ఎత్తు 11 మీటర్లు, కొసలు 8. ఏ దిక్కుకి లాగాలి అని మేస్టారు దిక్సూచి తెచ్చారు. ఇంత తక్కువ ఎత్తులో, నెత్తిమీదికి పంపే పనికి, దిక్కుతో పట్టింపు లేదు. చెట్లు ఎటుంటే అటే.

కొలతల సంగతి. మీటర్లలో డైపోల్ మొత్తం పొడవు కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే చాలు. 3.6కి 39.7 మీటర్లు. నేను చేతికి 20.5 మీటర్ల చొప్పున పొడుగ్గానే కోశాను. పైకెత్తి నానోవీఎన్‌ఏ (యాంటెనాని కొలిచే చిన్న పరికరం) పెడితే డిప్, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తగ్గే చోటు, 3.40 దగ్గర ఉంది. పొడవు ఎక్కువ పెట్టినందుకు కొంత, ప్లాస్టిక్ తొడుగున్న వైరు కావడంవల్ల రెండు మూడు శాతం. కత్తెర పెట్టకుండా కొసల్ని వెనక్కి మడిచి వైరు మీదే చుట్టాం. నాలుగుసార్లు దించి ఎత్తాక ఒక్కో చెయ్యి 19.4 దగ్గర ఆగింది, డిప్ 3.60. ముందు 80 తేల్చుకుని అప్పుడు 40 పట్టుకోవాలి, తిరగేసి చేస్తే రెండుసార్ల పని. 40 చేతులు పది మీటర్ల దగ్గర కుదిరాయి. ఒంటరిగా కడితే ఇంకొంచెం పొట్టిగా వచ్చేవి. పెద్ద వైరు పక్కనుంటే చిన్నదాని లెక్క మారుతుంది. వీటి కొసల్ని పెద్ద వైరుకి మీటరున్నర కిందికి లాగి కట్టాం.

ఎస్‌డబ్ల్యూఆర్ 3.6 దగ్గర 1.2 వచ్చింది. ఇది చూసి మురిసిపోవద్దు. ఆ ఎత్తులో డైపోల్ నిజమైన రేడియేషన్ రెసిస్టెన్సు (ఆకాశానికి పంపే పని వల్ల వచ్చే ఓమ్‌లు) కేబుల్‌కి కావలసిన 50 ఓమ్‌ల కంటే తక్కువ. నేల మింగే నష్టం దానికి కలిసి 50 దగ్గరికి తేలింది. మీటరుకి ఆకాశానికి పోయిందేదో, నేలకి పోయిందేదో తెలియదు. డమ్మీ లోడు (సిగ్నలంతా వేడిగా మార్చేసే ఉత్తుత్తి యాంటెనా) పెడితే 1.0 చూపిస్తుంది, దాంతో ఎదురింటివాడికి కూడా వినపడదు.

బాలన్ అంటే 1:1 కరెంట్ చోక్. మొదటి వైరు దగ్గర రేడియో పక్కన పెట్టిన ఆ 12 చుట్ల రింగునే ఇప్పుడు నడిమి డబ్బాలోకి మార్చాను. కేబుల్ ఆర్‌జీ-58, పాతిక మీటర్లు. లావుపాటి ఆర్‌జీ-213 కొనాలా అని మేస్టారు అడిగారు. 80 మీటర్లలో ఆ పొడవుకి రెండింటికీ తేడా అర డీబీ (డెసిబెల్, సిగ్నలు బలంలో తేడాకి కొలత) కూడా ఉండదు. ఆ డబ్బు మంచి తాడు మీద పెట్టమన్నాను. నైలాన్ తాడు ఎండకి ఏడాదిలో పీచవుతుంది. నల్ల పాలిస్టర్ తాడు నిలుస్తుంది. కేబుల్ మీద ఆదా చేసిన మాట నిజమే కానీ కనెక్టరు మీద చేయకూడదు. ఉప్పుగాలికి, వానకి కేబుల్ కొస తెరిచి ఉంటే నీళ్ళు తొడుగులోని రాగి అల్లిక లోపలికి దీపం ఒత్తిలా పాకుతాయి. ఆ ఊళ్ళో ఒక పాత టీవీ కేబుల్ కోసి చూపించాను. మీటరు పొడవునా రాగి నల్లగా మసిబారింది.

చెట్టు ఊగడం దీనిలో అసలు సమస్య. రెండు కొసలూ బిగించి కడితే మొదటి ఈదురుగాలికే వైరు తెగుతుంది. ఒక కొస తాడుని కప్పీ మీదుగా దింపి, దానికి ఇసక నింపిన అయిదు లీటర్ల డబ్బా వేలాడదీశాం. చెట్టు ఊగితే డబ్బా లేస్తుంది, దిగుతుంది. మనవలకి అదొక ఆట. మెత్తని రాగివైరు సాగుతుందన్నది నేను తక్కువ అంచనా వేశాను. నెల తర్వాత డిప్ 3.60 నుంచి 3.57కి జారింది. అంటే మొత్తం మీద ముప్పై సెంటీమీటర్ల పైన సాగిందన్నమాట. చేతికి 15 సెంటీమీటర్లు మడిచాక మళ్ళీ కదల్లేదు.

రెండు వైర్లు, ఒక స్విచ్చు

ఇన్వర్టెడ్-ఎల్ ఇంకా తీయలేదు కాబట్టి మంచి అవకాశం దొరికింది. కోయాక్స్ స్విచ్చు పెట్టి పన్నెండు రాత్రులు ఎనిమిదిన్నరకి అవే స్టేషన్లతో పోల్చాం. ఏది ఏ యాంటెనాయో అవతలివాళ్ళకి చెప్పలేదు. "ఇప్పుడు ఒకటి... ఇప్పుడు రెండు" అంతే. ఫేడింగు (సిగ్నలు ఎక్కుతూ దిగుతూ ఉండటం) ఉంటుంది కాబట్టి ఒక్కసారి విన్నది లెక్కలోకి తీసుకోలేదు. వెంటవెంటనే అయిదారుసార్లు మార్చి, నడిమి అంకె రాసుకున్నాం.

కాకినాడకి డైపోల్ ఎస్9, ఎల్ ఎస్6. విజయవాడకి ఎస్9, ఎస్7. విశాఖ కూడా దాదాపు అంతే. హైదరాబాద్ దగ్గర తేడా ఒక్క ఎస్-యూనిట్టుకి తగ్గింది. 430 కిలోమీటర్ల అవతలి చెన్నైకి రెండూ సమానం, కొన్ని రాత్రులు ఎల్ ముందుండేది. జపాన్‌కి ఎఫ్‌టీ8లో ఎల్ అయిదు డీబీ పైన. ఎస్-మీటరు అంకెల్ని డీబీల్లోకి మార్చి లెక్కలు కట్టకండి. పుస్తకంలో ఒక యూనిట్టు 6 డీబీ, రేడియోల్లో కంపెనీవాడి ఇష్టం. ఏది ఎక్కువో చెప్పడానికి చాలు.

వినికిడిలో వచ్చిన లాభం ఇంకా పెద్దది, దాన్ని నేను ముందు ఊహించలేదు. దగ్గర్లోని మోటార్ల గోల ఎక్కువగా నిలువు వైరుకే అంటుతుంది. డైపోల్‌కి మార్చగానే గోల ఎస్6 నుంచి ఎస్4కి పడేది. అవతలి సిగ్నలు పెరగడం, ఇవతలి గోల తగ్గడం రెండూ కలిసి, కాకినాడ గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టుండేది. మేస్టారు మొదటిసారి హెడ్‌ఫోన్ తీసి స్పీకరు పెట్టారు. వంటింట్లోంచి వాళ్ళావిడ "ఎవరొచ్చారండీ?" అన్నారు.

పోలిక పూర్తయ్యాక ఎల్‌ని ఉంచుకుందామా, డీఎక్స్‌కి పనికొస్తుంది అన్నాను, కొంచెం ఆశగా. ఆ నిర్ణయం మా చేతుల్లోంచి పోయింది. కొబ్బరి పాదులు తవ్వే రోజొచ్చింది. నేల మీద పరిచిన నా పన్నెండు రేడియల్స్‌ని కూలీలు మధ్యాహ్నానికల్లా చక్కగా ముక్కలు చేసి, చుట్టచుట్టి, అరుగు మీద పెట్టి వెళ్ళారు.

పిడుగు, కరెంటు తీగ

ఇది చిన్న విషయం కాదు కానీ చెప్పాల్సింది తక్కువే. కొబ్బరితోటలో పిడుగు పడటం ఊళ్ళో అందరూ చూసిందే. మబ్బు పట్టగానే కోయాక్స్ రేడియో నుంచి ఊడదీసి బయటికి గెంటేయాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట గొయ్యి తీసి ఎర్త్ రాడ్ దింపాం. తోట చివర నుంచి కరెంటు తీగలు పోతున్నాయి. మా వైరు తెగి ఎటు ఎగిరినా వాటిని తాకలేనంత దూరం ముందే తాడుతో కొలుచుకున్నాం. తీగల మీదుగా గానీ కిందుగా గానీ వైరు లాగుతానన్నవాడితో నేను పనిచేయను. వైరు కొసలు మనిషి చెయ్యి చాపినా అందని ఎత్తులో ఉండాలి, పంపేటప్పుడు అక్కడ వందల వోల్టులుంటాయి.

తుఫానుకే కదా ఈ యాంటెనా, తుఫానుకి చెట్లే పడితే? ఈ ప్రశ్న మేస్టారిదే. అందుకని ముక్కలైన రేడియల్స్‌ని అతికి, టంకం పెట్టి, టేపు చుట్టి, 80కి ఇంకో డైపోల్ తయారుచేశాం. చెక్కపలక మీద చుట్టి, పది మీటర్ల కోయాక్స్‌తో సహా మంచం కింద ఉంటుంది. మూడు వెదురు బొంగులు గోడవారన. మూడు మీటర్ల ఎత్తులో కడితే నేల చాలా మింగేస్తుంది, అయినా చుట్టూ గోల కూడా తగ్గుతుంది కాబట్టి వినికిడి పర్వాలేదు.

కిందటి శీతాకాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు దాని అవసరం పడింది. ఈదురుగాలికి ఎండుమట్ట ఒకటి విరిగి నడిమి తాడు మీద పడింది. కుర్రాడు చెప్పినట్టు మట్టే తెంపింది, కానీ వైరు తెగలేదు, తాడు తెగింది. కరెంటు మధ్యాహ్నమే పోయింది. మేస్టారు, పక్కింటి అబ్బాయి కలిసి వానలో బొంగులు పాతి, చెక్కపలక విప్పారు. బ్యాటరీ మీద 20 వాట్లు. ఏడున్నరకి కాకినాడ ఎస్7 అని రిపోర్టు ఇచ్చింది, విజయవాడ ఎస్5.

మర్నాడు ఫోన్లు కలిశాక నాకు చేశారు. ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతొచ్చింది అని అడిగాను, అలవాటు పోదు కదా.

"2.8 అండీ. మీ రేడియల్స్ ముక్కలు అందులో తొమ్మిదున్నాయి, లెక్కపెట్టాను."